గుల్షన్ నడిచిన నేల

ఏలూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, గోడలకి రంగులు వేసి గేటు బిగించాక, ముందున్న ఖాళీ జాగాలో గడ్డి పరిపించుకుందామనుకుంటే నన్నే సాహెబ్‌కి కబురు పెట్టేవారు. కబురు ఆయనకే వెళ్ళేది గాని వచ్చేది మాత్రం ఇద్దరు. పార, గునపం, ఇనపపళ్ళ దంతె సైకిలుకి కట్టి నడిపించుకుంటూ నన్నే సాహెబ్, వెనకాల చదును బల్ల పట్టుకుని ఆయన భార్య గుల్షన్. ఆమెని చూసి మట్టి మొయ్యడానికి వచ్చిన కూలిమనిషి కాబోలనుకునేవారు. ఆమెకి అదేం పట్టేది కాదు. గేటు దాటగానే చెప్పులు విడిచి ఓ పక్కన పెట్టి, కొంగు నడుంకి దోపి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఆ నేల మీద ఒకసారి నడిచి వచ్చేది. ఆ తర్వాతే నన్నే సాహెబ్ గునపం ఎత్తేవాడు.

నన్నే సాహెబ్ వాళ్ళు మొదట దూది ఏకి పరుపులు కుట్టేవారు. బజార్లోకి స్పాంజి పరుపులు వచ్చి ఆ పని సన్నగిల్లిపోయాక ఆయన ఒక నర్సరీ కంట్రాక్టరు దగ్గర కూలీగా చేరాడు. గడ్డి పని అక్కడే పట్టుబడింది. గుల్షన్ కైకలూరు దగ్గర కొల్లేటి అంచున ఉన్న ఊరి పిల్ల. వాళ్ళ నాన్న కౌలుకి వరి చేసేవాడు. ఆకుమడి దున్ని నీళ్ళు పెట్టాక, చిన్నప్పటి గుల్షన్‌ని అందులో నడవమనేవాడు. మడి ఒక్కచోట పల్లంగా ఉన్నా అక్కడ నీళ్ళు నిలిచి విత్తనం కుళ్ళిపోతుంది. ఆ పల్లం ఎక్కడుందో పిల్ల పాదాలకి ఇట్టే తెలిసిపోయేది.

పెళ్ళయి ఏలూరు వచ్చాక, ఒకరోజు మొగుడికి అన్నం క్యారేజీ పట్టుకుని పని జరుగుతున్న ఇంటికి వెళ్ళింది. ఆయన బల్ల లాగి, రోలరు తిప్పి, చెమట తుడుచుకుంటూ నీడన కూర్చున్నాడు. గుల్షన్ ఆ మట్టి మీద అటూ ఇటూ తిరిగి, "ఏవండీ, ఇక్కడ గుల్లగా ఉందండీ. వాన పడితే దిగిపోద్ది" అంది. ఆయన నమ్మలేదు. నీళ్ళు పోసి చూశాడు. దిగిపోయింది. ఆ మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే వెళ్ళారు.

పని ఎప్పుడూ ఒకే తీరున సాగేది. నేల తవ్వి, రాళ్ళూ ఇటుక ముక్కలూ ఏరేవారు. తుంగ గడ్డలు ఒక్కటి కూడా మిగలకుండా తీసేవారు, లేకపోతే కొత్త గడ్డిలోంచి అదే ముందు లేస్తుంది. ఎరువూ ఇసకా కలిపి, పురికొస లాగి, దంతెతో సర్ది, బల్ల లాగేవారు. నీళ్ళు చల్లి ఆరనిచ్చి రోలరు తిప్పేవారు. ఆఖర్ని గుల్షన్ నడిచేది. నెమ్మదిగా, ఎటో చూస్తూ, మడమ ముందు ఆనించి వేళ్ళు తర్వాత దింపుతూ. "ఇక్కడ ఒక తట్ట వెయ్యండి." "ఇక్కడ కొంచెం ఉబ్బింది, గీకెయ్యండి." ఆమె చెప్పిన చోటల్లా ఆయన సరిచేసేవాడు. గడ్డి పరిచేది ఆ తర్వాతే.

వాళ్ళిల్లు తూర్పు వీధి వెనక సందులో రెండు గదుల ఇల్లు. అందులో అత్తగారు, మరిది, తోటికోడలు, వాళ్ళ పిల్లలు. మొగుడూ పెళ్ళాం మనసువిప్పి నాలుగు మాటలు చెప్పుకునే చోటు కాదది. వాళ్ళు చెప్పుకున్న మాటలన్నీ ఊళ్ళోవాళ్ళ దొడ్లల్లోనే చెప్పుకున్నారు. కూతురు రేహానా పుట్టినప్పుడు ఏం పేరు పెట్టాలన్నదీ, తర్వాత కాన్పులో పిల్లాడు పోయిన దుఃఖమూ, రేహానాకి కైకలూరులో ఐసు వ్యాపారం చేసే తాహిర్ సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా అన్నదీ, అన్నీ మట్టి సర్దుతూనే. మధ్యాహ్నం గోడవార నీడలో క్యారేజీ విప్పుకుని, ఆమె చేపల పులుసులో ముక్కలు ఆయన వైపు తోసేది. ఆయన తిరిగి ఆమె వైపు తోసేవాడు.

రేహానా పెళ్ళయిన మరుసటి ఏడు, మసీదు వీధిలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. తోటికోడలు లాక్కెళితే గుల్షన్ కూడా రక్తం పరీక్షకి ఇచ్చింది. షుగరుందన్నారు. మాత్రలు రాసిచ్చారు. అక్కడున్న డాక్టరమ్మ ఆమె పాదాలు చూసి, "చెప్పుల్లేకుండా నడవకమ్మా. ఇంట్లో కూడా నడవకు" అని గట్టిగా చెప్పింది. గుల్షన్ తలూపి వచ్చేసింది. మాత్రల సంగతి మొగుడికి చెప్పింది. చెప్పుల సంగతి చెప్పలేదు.

కొన్నాళ్ళకి బజార్లో నడుస్తూంటే ఆమె ఎడమకాలి చెప్పు జారిపోయింది. ఆమె ఆగలేదు. నన్నే సాహెబ్ చూసి నవ్వాడు. "చెప్పు వదిలేసి ఎక్కడికే?" అన్నాడు. గుల్షన్ కిందికి చూసుకుని, వెనక్కి వెళ్ళి చెప్పు తొడుక్కుని, "ఏదో పరధ్యానం" అంది. ఆయన కూడా అంతే అనుకున్నాడు.

2006 ఎండాకాలంలో తాడేపల్లిగూడెం నుంచి కబురొచ్చింది. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన రామచంద్రమూర్తి గారు అక్కడ ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళావిడ ఆండాళ్ళు గారికి ఇంటి ముందు పచ్చటి గడ్డి మీద సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చోవాలని కోరిక. ఇద్దరూ మెత్తటి మనుషులు. నన్నే సాహెబ్‌నీ గుల్షన్‌నీ మొదటిరోజే లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు.

పొద్దున్నే ఏలూరులో పాసింజరెక్కి, భీమడోలు మీదుగా గూడెంలో దిగి, సాయంత్రం మళ్ళీ పాసింజరుకి తిరిగొచ్చేవారు. అక్కడి ఎర్రమట్టి తవ్వడానికి సుళువుగా ఉంది. పని తొందరగానే సాగింది. బల్ల లాగారు, రోలరు తిప్పారు. గుల్షన్ నడిచింది. ఆ రోజు ఆమె ఎప్పటికన్నా మెల్లిగా నడిచిందనీ, ఎటో చూడకుండా కిందికే చూస్తూ నడిచిందనీ నన్నే సాహెబ్‌కి చాన్నాళ్ళ తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం పట్టించుకోలేదు.

"ఎలా ఉందే?" అన్నాడు.

"బాగుందండీ. సమంగానే ఉంది" అంది గుల్షన్.

కడియం నర్సరీల నుంచి మట్టితో కోసిన గడ్డి పలకలు రావడం ఆలస్యమైంది. ఈలోగా తొలకరి వాన దంచి కొట్టింది. మర్నాడు వెళ్ళేసరికి రామచంద్రమూర్తి గారు గొడుగు పట్టుకుని వరండా మెట్ల మీద నిలబడి ఉన్నారు. "సాహెబ్ గారూ, ఒకసారి ఇటు చూస్తారా? నాకు పని తెలీదు, తప్పుగా అనుకోకండి" అన్నారు.

ఈశాన్యం మూల చాపంత వెడల్పున నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. దానికి ఇవతల నేల మూపురంలా పైకి తేలింది. గేటు పక్కన ఇంకో చిన్న మడుగు. ఇన్నేళ్ళలో వాళ్ళు చదును చేసిన ఏ నేల మీదా అలా నీళ్ళు నిలవలేదు. నన్నే సాహెబ్‌కి సిగ్గుతో మొహం వేడెక్కింది. వాకిట్లో ఆండాళ్ళు గారు కూడా నిలబడి చూస్తున్నారు.

"ఏవే, నువ్వు నడిచే చెప్పావా? ఇంత గుంట తెలీలేదా నీకు? మొద్దు కాళ్ళేమన్నా మొలిచాయా?" అని అరిచాడు.

గుల్షన్‌ని ఆయన పదిమందిలో ఒక్క మాట అన్నది లేదు. అదే మొదలు. ఆమె మొహం చిన్నబోయింది. చెప్పులు విడిచి గోడవార పెట్టి, పార తీసుకుని ఆ మూలకి నడిచింది.

"పోనీలెండి సాహెబ్ గారూ, మళ్ళీ సర్దుకోవచ్చు కదా. ఆవిణ్ణేం అనకండి" అన్నారు ఆండాళ్ళు గారు.

నీళ్ళు తోడేసి ఆ మూలంతా మళ్ళీ తవ్వారు. మొదటిసారి తవ్విన దానికన్నా లోతుగా తవ్వాల్సొచ్చింది. అడుగున మేస్త్రీలు కప్పెట్టిన చెత్తంతా బయటపడింది. సిమెంటు పెళ్ళలు, టైల్సు ముక్కలు, అద్దం పెంకులు. అందుకే అక్కడ నేల దిగింది. కనిపించినవన్నీ నన్నే సాహెబ్ ఏరి తట్టలో వేశాడు. కొత్తమట్టి పోసి బల్ల లాగాడు. గుల్షన్ నడిచింది. ఈసారి ఒకసారి కాదు, వచ్చీ పోయీ, వచ్చీ పోయీ, ఆ మూలంతా నడుస్తూనే ఉంది. "చాల్లే, రా" అని ఆయన రెండుసార్లు పిలిచాడు. "ఇంకొక్కసారి చూస్తానండీ" అంటూ మళ్ళీ వెళ్ళింది.

సాయంత్రం పాసింజర్లో ఇద్దరికీ సీటు దొరికింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పొద్దున్న అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలీలేదు. ఎదురుగా కూరల గంపతో కూర్చున్నావిడ ఉన్నట్టుండి, "అయ్యో, ఏవమ్మా, కింద రక్తం చూడు. నీ కాలిదేనా?" అంది.

గుల్షన్ కిందికి చూసింది. చెప్పు నిండా రక్తం ఉంది. సీటు కింద సన్నటి చార కట్టింది. నన్నే సాహెబ్ కిందికి వంగి ఆమె పాదం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. మడమలో వేలెడు అద్దం పెంకు దిగి ఉంది. పట్టుకుని లాగాడు. గుల్షన్ కదల్లేదు. తన కాలిలోంచి వస్తున్న అద్దాన్ని, వేరేవాళ్ళ కాలిని చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

"నొప్పెట్టట్లేదా?" అన్నాడు.

"లేదండీ."

"అస్సలు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. బండి భీమడోలులో ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ఆయన తలగుడ్డ చింపి పాదానికి కట్టాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"రేహానా కడుపుతో ఉన్నప్పట్నుంచీ తిమ్మిరిగా ఉండేది. మీరు మనవణ్ణి చూడ్డానికి కైకలూరు వెళ్ళారు చూడండి, అప్పటికి ఇంకేం తెలిసేది కాదు."

"మరి ఇన్నాళ్ళూ నేల ఎలా చెప్పావే?"

"కళ్ళతో చూసి చెప్పేదాన్ని. ఎండవేళ నీడ పడితే ఎత్తుపల్లాలు కొంచెం తెలుస్తాయి కదండీ. గూడెంలో మబ్బుగా ఉంది. తెలీలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

బండి కదిలాక అంది గుల్షన్. "చెబితే ఇంట్లో కూర్చోమంటారు. మీతో వచ్చేదాన్ని రాకుండా పోతే, ఇంక నాకు మీరు రాత్రి అన్నం తినడానికొచ్చే మనిషే కదండీ."

ఏలూరు వచ్చేదాకా నన్నే సాహెబ్ ఆ పాదం ఒళ్ళోంచి దించలేదు.

పుండు మానలేదు. పసుపు పెట్టారు, కట్టు కట్టించారు, సూదులు వేయించారు. నొప్పి లేదు కాబట్టి తగ్గుతోందని గుల్షన్ అనుకుంది, లేక అనుకున్నట్టు నటించింది. వారం తిరక్కుండానే పాదం నల్లబడి వాసన వచ్చింది. పెద్దాసుపత్రిలో డాక్టర్లు చూసి, రక్తంలో షుగరు చాలా ఎక్కువగా ఉందనీ, విషం పైకి పాకుతోందనీ, మోకాలి కింద నుంచి తీసెయ్యకపోతే మనిషే దక్కదనీ చెప్పారు. రేహానా కైకలూరు నుంచి పిల్లాణ్ణి చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. కాగితం మీద వేలిముద్ర వేసేముందు నన్నే సాహెబ్ భార్య మంచం దగ్గరికి వెళ్ళాడు.

"నిన్ను ఆ రోజు అలా అనకుండా ఉంటే, నువ్వు అన్నిసార్లు ఆ మూల తిరిగేదానివి కాదు" అన్నాడు.

"మీరన్నది నిజమే కదండీ. మొద్దు కాళ్ళే" అంది గుల్షన్. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ఆయన మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాడు. తండ్రి ఏడవడం రేహానా ఎప్పుడూ చూడలేదు. పిల్లాణ్ణి తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

కాలు తీసేసిన తర్వాత గూడెంలో గడ్డి పరిచే పని మిగిలే ఉంది. రామచంద్రమూర్తి గారు వేరేవాళ్ళతో చేయించుకుంటామన్నారు. నన్నే సాహెబ్ ఒప్పుకోలేదు. ఇద్దరు కూలీలని తీసుకెళ్ళి, పలకలు పరిచి, సందుల్లో ఇసక పోసి, నీళ్ళు పెట్టి వచ్చాడు. గడ్డి బాగా పట్టింది. ఎక్కడా నీళ్ళు నిలవలేదు.

వానాకాలం అయ్యాక ఆండాళ్ళు గారు పళ్ళు తీసుకుని ఏలూరు వచ్చారు. సందులో ఇల్లు వెతుక్కుని, గుల్షన్ మంచం పక్కన పీట మీద కూర్చున్నారు. కాసేపు ఆరోగ్యం సంగతులు అడిగి, హఠాత్తుగా కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ అద్దాలు మా కిటికీలవేనమ్మా. బిగించేటప్పుడు పగిలాయి. ఎవరి కాల్లోనైనా గుచ్చుకుంటాయి, లోతుగా గొయ్యి తీసి కప్పెట్టండని మేస్త్రీలకి నేనే చెప్పాను" అన్నారు.

గుల్షన్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మంచికే కదమ్మా చెప్పారు. మీరేం మనసులో పెట్టుకోకండి."

"ఒకసారి మా ఇంటికి రా అమ్మా. కారు పంపిస్తాను. నువ్వు చదును చేసిన నేలమ్మా అది. ఎంత పచ్చగా ఉందో చూద్దువుగాని."

"వద్దండమ్మా. మీరు చల్లగా కూర్చోండి, అంతే చాలు" అంది గుల్షన్. ఆండాళ్ళు గారు మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత నన్నే సాహెబ్ పనులకి ఒక్కడే వెళ్ళేవాడు. సాయంత్రం రాగానే గుల్షన్ అడిగేది. మట్టి నల్లదా ఎర్రదా, తుంగ ఉందా, ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళు, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తిన్నారు. మొదట్లో ఆయన అన్నీ చెప్పేవాడు. పిల్లలు గోల చేస్తూంటే, తోటికోడలు గిన్నెలు తోముతూ వింటూంటే, ఆ మాటలు అంతకంతకీ పొట్టివైపోయాయి. ఆయన అలిసిపోయి తిని పడుకునేవాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. గుల్షన్ రైల్లో భయపడినట్టే జరిగింది. ఇద్దరికీ అది తెలుసు.

ఒక ఆదివారం నన్నే సాహెబ్ పనికి వెళ్ళకుండా, తమ్ముడి మూడు చక్రాల రిక్షా అడిగి తెచ్చి, గుల్షన్‌ని ఎక్కించుకుని కాలవగట్టు మీదకి తీసుకెళ్ళాడు. తమ్మిలేరు వంతెన దగ్గర రిక్షా ఆపి ఇద్దరూ బఠాణీలు తిన్నారు. ఆ పూట గుల్షన్ చాలా మాట్లాడింది. పోయిన పిల్లాడి గురించి కూడా మాట్లాడింది, ఉంటే ఇప్పుడు ఎంతవాడయ్యేవాడో అంచనా వేసింది. ఆయన వింటూ కూర్చున్నాడు. అలా వీలైన ఆదివారాలు కొన్ని తీసుకెళ్ళాడు. తర్వాత ఆమె కూర్చోలేకపోయింది. మొహం, ఉన్న కాలు వాచిపోయేవి. కిడ్నీలు పాడైపోయాయన్నారు.

2008 చలికాలంలో ఒక తెల్లవారుజామున, రేహానా చెంచాతో పాలు పడుతూంటే గుల్షన్ పోయింది. పోయే ముందు మొగుణ్ణి చూసి, "తిన్నారా?" అని అడిగింది.

ఖబరస్తాన్‌లో అందరూ తలా మూడు దోసిళ్ళ మట్టి వేశాక, మిగిలిన మట్టి లాగడానికి నన్నే సాహెబ్ పార అందుకున్నాడు. వద్దన్నా వినలేదు. మట్టి లాగుతూ లాగుతూ, పార వీపుతో అద్దుతూ, అంచులు సర్దుతూ పోయాడు. చూస్తూండగానే ఆ మట్టంతా చుట్టుపక్కల నేలతో సమంగా పరుచుకుపోయింది. వాళ్ళ వీధి పెద్దమనిషి ఒకాయన వచ్చి మెల్లిగా చెయ్యి పట్టుకున్నాడు.

"సాహెబ్, సమం చెయ్యకూడదు. కొంచెం ఎత్తుగా ఉండాలి. లేకపోతే రేపు ఎవరన్నా తెలీక తొక్కుతారు."

నన్నే సాహెబ్ చేతిలో పార వంక చూసుకున్నాడు. తను ఏం చేశాడో అప్పటిదాకా ఆయనకి తెలీలేదు. పార వదిలేసి పక్కకి జరిగాడు. అల్లుడు తాహిర్ పార తీసుకుని, పక్కకి పోయిన మట్టినంతా తిరిగి నడిమికి లాగి, గట్టులా పోశాడు.

నెల తిరిగాక రేహానా తండ్రిని కైకలూరు తీసుకెళ్ళిపోయింది. ఆయన ఇప్పుడు తాహిర్ ఐసు దుకాణంలో ఉంటున్నాడు. కొల్లేటి చెరువుల నుంచి చేపల లారీలు వచ్చే వేళకి ఐసు దిమ్మలు కొట్టించి, రంపప్పొట్టు కప్పించి, ట్రేలు సర్దిస్తాడు. ఎక్కువ మాట్లాడడు. మనవడికి స్నానం చేయించాక వాడి అరికాళ్ళు తుడిచి, రెండు వేళ్ళతో నొక్కి, "తెలుస్తోందా?" అని అడుగుతాడు. వాడు చక్కిలిగింతలు పుట్టి పకపకా నవ్వుతాడు. ఆ నవ్వు వినపడేదాకా వదలడు.

కిందటి వేసవిలో రామచంద్రమూర్తి గారి బంధువు పవన్‌కుమార్ అనే ఆయన, భీమవరంలో కొత్త ఇల్లు కట్టుకుని, దుకాణానికి ఫోన్ చేశాడు.

"గూడెంలో మా బాబాయి గారింటి గడ్డి చూశానండీ. మీరే చెయ్యాలి మా ఇంటిది కూడా. ఎప్పుడొస్తారు?"

"ఆ పని మానేశానండీ" అన్నాడు నన్నే సాహెబ్.

"అలా అనకండి. మనుషుల్ని నేను పెడతాను. మీరు దగ్గరుండి చూసుకుంటే చాలు."

"లేదండీ. అది నాకొక్కడికి వచ్చిన పని కాదు. ఇద్దరం చేసేవాళ్ళం" అన్నాడు.

అవతలాయన ఇంకేదో అడుగుతున్నాడు. బయట లారీ హారన్ కొట్టింది. నన్నే సాహెబ్ ఫోన్ తాహిర్ చేతికిచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, ఐసు దింపించడానికి వెళ్ళాడు.